మీకెవరు తెచ్చారు?

క్రైస్తవుల ఇంట్లో పుట్టిన తెలుగు పిల్లలకి బడిలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. "మీది ఇంగ్లీషు వాళ్ల మతం కదా?" అడిగేవాళ్లలో చాలామందికి ద్వేషమేమీ ఉండదు. పక్కన కూర్చుని మన క్యారేజీలో చెయ్యి పెట్టి తినే స్నేహితురాలే అడుగుతుంది. గురజాలలో చదువుకున్నన్నాళ్లూ, తర్వాత బాపట్ల వ్యవసాయ కళాశాలలో చేరాకా ఆ ప్రశ్న నా వెంటే వచ్చింది. మాస్టర్స్ చెయ్యడానికి జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు, ఇక్కడ దానికి చోటుండదని నమ్మాను. ప్రొటెస్టెంటు మతసంస్కర్త మార్టిన్ లూథర్ పుట్టిన దేశం ఇది. మా సంఘం పేరులోనే లూథరన్ అని ఉంది.

ఇక్కడా అడిగారు. కాకపోతే ప్రశ్న తిరగబడింది. "ఇండియా నుంచి వచ్చి క్రైస్తవురాలివా? ఎప్పుడు మారావు?" నేను మారలేదు, మా తాతమ్మ కాలం నుంచీ ఇంతే అని చెబితే, "ఓ, మిషనరీలు మార్చారన్నమాట" అని తల దించుకుంటారు. తమ తాతలు చేసిన తప్పుకి వాళ్లు నొచ్చుకుంటున్నారని ఆ మొహం చూస్తే తెలుస్తుంది. ఆ నొచ్చుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మా తాతమ్మ నాట్లేసి, కోతలు కోసి, ఆరుగురిని కని పెంచిన మనిషి. ఏ మాట నమ్మదగిందో, ఏది కాదో తేల్చుకునే బుద్ధి ఆమెకి లేదన్నట్టే కదా ఆ జాలి?

కాగితాలు కూడా ఇదే అడుగుతాయి. గోటింగెన్‌లో దిగిన కొత్తలో ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ ఫారంలో మతానికి ఒక గడి ఉంది. ప్రొటెస్టెంటు సంఘస్థులైతే అందులో 'ఈవీ' అని రెండక్షరాలు పడతాయి. ఉద్యోగం వచ్చి ఆదాయపు పన్ను కట్టడం మొదలుపెడితే, ఆ పన్ను మీద 9 శాతం, బవేరియాలోనూ బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లోనూ 8 శాతం, అదనంగా చర్చికి వెళ్తుంది. ఆదాయం లేని విద్యార్థికి ఏమీ పడదు. మా ఊళ్లో నా కాగితాల మీదా మతం గుర్తుగా అక్షరాలే ఉన్నాయి: బీసీ-సీ. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకీ వాళ్ల సంతానానికీ ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే వర్గం అది. రిజర్వేషను ఒక శాతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు కానీ మాకు ఇవ్వలేదు. మా నాయనమ్మ ఊరి బావిలో చేద వెయ్యడానికి వీల్లేని రోజుల్లో పెరిగింది. కుటుంబం బాప్తిస్మం తీసుకున్నా ఆ బావి దగ్గరికి ఎవరూ రానివ్వలేదు. కాగితం మాత్రం, ఆ కష్టం తీరిపోయిందని రాసేసుకుంది.

ఇక్కడ ఆ గడి నింపితే పన్ను పడుతుంది, అక్కడ నింపితే హక్కు పోతుంది. రెండుచోట్లా నేను ఎక్కడినుంచో వచ్చినదాన్నే. అందుకే ఆ 'ఎక్కడినుంచో' ఏమిటో నా కళ్లతో చూడాలనిపించింది.

జర్మనీ అంతటా తిరగడానికి నెలవారీ టికెట్టు ఒకటుంది. 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2025 జనవరికి 58 యూరోలైంది. విద్యార్థులకి ఇంకా తక్కువ. వేగంగా పోయే ఐసీఈ బళ్లు ఎక్కనివ్వరు, ఊరూరా ఆగే ప్రాంతీయ రైళ్లే మనకి. విద్యార్థి వీసా కోసం తెరిచిన బ్లాక్డ్ అకౌంటులోంచి నెలకి 992 యూరోలకి మించి తియ్యడానికి లేని నాలాంటి వాళ్లకి ఆ టికెట్టు పెద్ద ధైర్యం. శుక్రవారం రాత్రి పులిహోర కలిపి డబ్బాకెత్తుకుంటే శనివారం తిండికి వెతుక్కోనక్కర్లేదు. కిటికీ పక్క సీటు, ఆవాల పొలాలు, గాలిమరలు, చీకటి పడ్డాక ఎవరూ దిగని చిన్న చిన్న స్టేషన్లు. వ్యవసాయం చదివినదాన్ని కాబట్టి మట్టి రంగు మారే చోట లేచి నిలబడి చూసేదాన్ని. హార్జ్ కొండల దక్షిణంగా వెళ్లే రైలులోంచి కనిపించే ఎర్రనేల చూసి పల్నాడు గుర్తొచ్చింది.

ముందు వెళ్లాలనుకున్నది హాలె నగరానికి. ఐషెన్‌బెర్గ్‌లో బండి మారితే నార్డ్‌హౌజెన్, సాంగర్‌హౌజెన్ దాటి ఐస్‌లెబెన్ వస్తుంది. లూథర్ 1483లో పుట్టింది, 1546లో చనిపోయింది ఆ ఊళ్లోనే. దిగలేదు. నాకు అంతకంటే దగ్గరిది హాలెలో ఉంది.

హాలెలో ఫ్రాంకె సంస్థలని ఉన్నాయి. 1695లో ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అనే పాస్టరు ఇంట్లో పెట్టిన కానుకల డబ్బాలో నాలుగు థాలర్లు, పదహారు గ్రోషెన్‌లు ఒక్కసారే పడ్డాయట. ఆయన ఆ డబ్బుతో పేదపిల్లలకి బడి పెట్టాడు. మూడేళ్లకి అనాథాశ్రమం కట్టడం మొదలైంది. తర్వాత ఆ బడులూ, ఆశ్రమమూ, అచ్చాఫీసూ, మందుల తయారీ అన్నీ కలిసి ఒక చిన్న పట్నమే అయింది. డెన్మార్క్ రాజు పంపగా 1706లో తమిళ తీరంలోని తరంగంబాడికి చేరిన మిషనరీలు ఇక్కడి శిక్షణలో తయారైనవాళ్లు. వాళ్ల వెనక 1719లో వచ్చినవాడు బెంజమిన్ షుల్ట్స్. తరంగంబాడి నుంచి మద్రాసుకి మారాక ఆయన తెలుగు నేర్చుకున్నాడు, బైబిలుని తెలుగులోకి అనువదించాడు. అది వ్రాతప్రతిగానే ఉండిపోయింది. 1743లో హాలెకి తిరిగి వచ్చాక 1746, 47 సంవత్సరాల్లో తెలుగు లిపిలో చిన్న పుస్తకాలు అచ్చువేయించాడు. మన నేల మీద తెలుగు అచ్చు మొదలవడానికి అప్పటికింకా చాలా ఏళ్లుంది.

అక్కడి పాత గ్రంథాలయ భవనం 1728 నాటిది. పుస్తకాల అరలు గోడలకి కాకుండా, నాటకాల స్టేజీ మీద తెరల్లాగా ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. అనాథాశ్రమం అటక మీద పిల్లలకి లోకం చూపించడానికి పోగుచేసిన వింతవస్తువుల గది ఉంది. పైకప్పు నుంచి మొసలి వేలాడుతుంది. భారతదేశం నుంచి మిషనరీలు పంపిన వస్తువులూ అక్కడే ఉన్నాయి. నేను చాలాసేపు తిరగలేదు. నేను వచ్చింది చదువుగదిలో కూర్చోవడానికి. ముందుగా రాసి అడిగితే పుస్తకం తెచ్చి మెత్తటి దిండు మీద పెట్టారు. అరచేతిలో పట్టేంత పుస్తకం. తెరిస్తే తెలుగు.

ఆ అక్షరాలు మనకిప్పుడు అలవాటైన గుండ్రదనంతో లేవు. పోతపోసినవాడికి తెలుగు రాదని చూడగానే తెలుస్తుంది. తలకట్లు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉన్నాయి. మాటలు మాత్రం గ్రంథాల భాషకంటే నోటి భాషకి దగ్గర. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంటే నాకు షుల్ట్స్ మీదకంటే, ఆయనకి తెలుగు చెప్పినవాళ్ల మీదకి మనసు పోయింది. మద్రాసులో ఏ వసారాలోనో కూర్చుని, ముప్పై దాటిన ఒక తెల్లమనిషి చేత అ ఆలు దిద్దించినవాళ్లు, 'ళ' పలకలేక ఆయన తడబడితే మళ్లీ మళ్లీ అనిపించినవాళ్లు, ఆ మాట అలా అనకూడదండీ అని దిద్దినవాళ్లు తెలుగువాళ్లే కదా. ఇన్నేళ్లూ నేను మిషనరీని ఇచ్చేవాడిగానే ఊహించుకున్నాను. మా సండే స్కూలు బొమ్మల్లో ఆయన ఎప్పుడూ నిలబడి ఉంటాడు, మనవాళ్లు కింద కూర్చుని ఉంటారు. కానీ ఈ పుస్తకం అచ్చు కావాలంటే ముందు ఆయన కింద కూర్చుని ఉండాలి. ఒక్క మాట ఇవ్వడానికి ముందు వేల మాటలు తీసుకుని ఉండాలి. ఆ గదిలో ఇంకెవరూ లేకపోతే లేచి వాళ్లందరికీ వందనాలు చెప్పేదాన్నే.

తిరుగు ప్రయాణంలో రైలు దారిలో ఆగిపోయింది. ఐషెన్‌బెర్గ్ చేరేసరికి గోటింగెన్ వెళ్లే ఆఖరి బండి పోయింది. హెస్సె, లోయర్ శాక్సనీ, థురింజియా రాష్ట్రాలు మూడూ కలిసే చోట, పొలాల మధ్య ఉన్న స్టేషన్ అది. అక్టోబరు చలి. దీపాలు తప్ప మనిషి లేడు, ఒక్కావిడ తప్ప. యాభై ఏళ్లుంటాయి. వృద్ధాశ్రమంలో పనిచేసి ఇంటికి పోతోంది. మెడలో చిన్న సిలువ. నా మెడలోనూ ఉంది. ఎక్కడినుంచి అని అడిగింది. ఇండియా అన్నాను. "మలబారా?" అంది వెంటనే.

జర్మనీలో నన్ను ఎప్పుడు మారావని అడగని మొదటి మనిషి ఆమె. వాళ్లు సుర్యోయోలు, అంటే సిరియక్ క్రైస్తవులు. టర్కీ ఆగ్నేయాన తూర్ అబ్దీన్ అనే పీఠభూమి వాళ్ల నేల. అక్కడి మోర్ గబ్రియేల్ మఠం క్రీ.శ. 397లో స్థాపించినది, ఇప్పటికీ సాగుతోంది. ఇంట్లో వాళ్లు మాట్లాడేది అరమాయిక్ కుటుంబానికి చెందిన భాష. యేసు మాట్లాడింది ఆ కుటుంబపు భాషే. కేరళ సంఘాలు తమ ప్రార్థనల్లో సిరియక్ వాడతాయి కాబట్టి ఆమెకి మలబారు తెలుసు. నేను మలబారు కాదు, తెలుగు, లూథరన్ అంటే మాత్రం ఆమెకి పొంతన కుదరలేదు. "మీరు లూథర్ దాకా ఎందుకు ఆగారు?" అని నిజంగానే అడిగింది. మాదాకా ఎవరూ రాలేదమ్మా అన్నాను. ఆలోచించి, అవును, మేం కూడా రాలేదు అంది.

డెబ్భైల్లో ఆమె తల్లిదండ్రులు కూలిపనికి జర్మనీ వచ్చారు. బడిలో, ఆఫీసులో, ఆస్పత్రిలో అందరూ ఆమెని తురకదనే అనుకున్నారు. క్రైస్తవురాలినంటే, ఇక్కడికి వచ్చాక కలిశావా అన్నారు. "ఈసారి నిన్నెవరైనా అడిగితే, మీకెవరు తెచ్చారని తిరిగి అడుగు. వాళ్లకి గుర్తులేదు" అంది. ఆమె దగ్గర రొట్టె, ఆలివ్‌లు ఉన్నాయి. నా దగ్గర అడుగున మిగిలిన పులిహోర ఉంది. తినేముందు ఆమె తన భాషలో ప్రార్థన చేసింది. నేను మా నాయనమ్మ పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒకటి మెల్లిగా పాడాను. అర్ధరాత్రి దాటాక ఆమె అల్లుడు కారేసుకుని వచ్చాడు. వాళ్ల ఇల్లు అటు కాకపోయినా నన్ను గోటింగెన్‌లో మా హాస్టలు గుమ్మం దాకా దింపారు.

మీకెవరు తెచ్చారని అడగమన్న ఆమె మాట పట్టుకునే నేను ఫ్రిట్స్‌లార్ వెళ్లాను. కాసెల్‌కి దక్షిణాన, చెక్క చట్రాల ఇళ్లున్న పాత ఊరు. అక్కడి పెద్ద చర్చి ముందు, నరికిన చెట్టు మొద్దు మీద గొడ్డలి పట్టుకుని నిలబడ్డ మనిషి విగ్రహం ఉంది. బోనిఫేస్. ఇంగ్లండ్‌లోని వెసెక్స్ నుంచి వచ్చిన సన్యాసి. ఇంటివాళ్లు పెట్టిన పేరు విన్‌ఫ్రిత్. క్రీ.శ. 723 ప్రాంతంలో, ఇక్కడికి ఆనుకుని ఉన్న గైస్మార్‌లో, పిడుగుల దేవుడు డోనార్‌కి మొక్కే మహావృక్షాన్ని నరికి ఆ కలపతోనే ప్రార్థనాలయం కట్టాడని చరిత్ర. 754లో ఫ్రీసియాలోని డొక్కుమ్‌లో ఆయన్ని చంపేశారు. ఫుల్డాలో సమాధి ఉంది. చర్చి చూపిస్తున్న పెద్దాయనని నేను అడిగాను, మీకెవరు తెచ్చారని. విగ్రహం వైపు చెయ్యి చూపించి, "ఇంగ్లీషువాడు" అన్నాడు.

మా గురజాల బడిలో స్నేహితురాలు అన్న మాటే అది. జర్మన్లది కూడా ఇంగ్లీషువాళ్ల మతమేనన్నమాట! ఆ ఇంగ్లీషువాళ్లకి ఇచ్చింది రోము నుంచి, ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు. రోముకి ఇచ్చింది యూదులు. వెనక్కి వెళ్లేకొద్దీ ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒక పొరుగుమనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈ విశ్వాసానికి సొంత ఊరు అని చెప్పి ఏ ఊరినీ చూపించలేం. అది నాకు సిగ్గుగా తోచలేదు, ఎంతో ఊరటగా తోచింది. నన్ను పరాయిదాన్ని చేసిన ప్రశ్న వాళ్లకీ నాకూ సమానంగా వర్తిస్తుంది కదా.

కానీ ఆ గొడ్డలి నాకు నచ్చలేదు. మా ఊరి చివర వేపచెట్టు మొదట్లో పసుపు, కుంకుమ పూసిన పోలేరమ్మ రాయి ఉంది. నాయనమ్మ ఆ రాయికి మొక్కదు. అయినా ఆ చెట్టు కొమ్మ విరిచిన పిల్లల్ని కసిరేది. మొక్కుకునేవాళ్ల మనసు నొప్పించి మనం ఏ దేవుణ్ణి సంతోషపెడతామే అనేది. బోనిఫేస్ ధైర్యాన్ని పొగిడే ప్రసంగాలు చాలా విన్నాను. ఆ చెట్టు కింద చిన్నప్పటి నుంచి మొక్కిన ఒక ముసలామె ఆ రోజు ఏడ్చి ఉంటుంది. ఆమె గురించి ఎవరూ చెప్పలేదు. తెచ్చినదెంత మంచిదైనా, తెచ్చిన పద్ధతికి లెక్క అప్పజెప్పాల్సిందే అని నేను నమ్ముతాను.

లెక్క అన్నాను కదా, విట్టెన్‌బెర్గ్‌లో అది ఇంకా బరువైంది. యాత్రికులందరూ వెళ్లేది కోట చర్చికి. 1517 అక్టోబరు 31న లూథర్ తన 95 వాదాలు బయటపెట్టిన చోటని పేరు. అప్పటి తలుపు 1760లో యుద్ధంలో కాలిపోయింది. ఇప్పుడున్న కంచు తలుపులు 1858వి, వాటి మీద ఆ వాదాలన్నీ పోతపోశారు. అక్కడ ఫొటో దిగి నాన్నకి పంపాను. నాన్న సంఘపెద్ద కాబట్టి ఆ ఫొటో మా ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. అప్పుడు ఊళ్లోకి నడిచి, లూథర్ ప్రసంగాలు చేసిన సెయింట్ మేరీ చర్చికి వెళ్లాను.

దాని బయటి గోడ మీద, పైన, ఆగ్నేయ మూలన ఒక రాతిబొమ్మ ఉంది. 1300 ప్రాంతంలో చెక్కింది. పంది పాలు తాగుతున్న యూదులు. ఒక రబ్బీ ఆ పంది తోక ఎత్తి వెనక చూస్తున్నాడు. దాని మీది అక్షరాలు తర్వాత వేసినవి. 1543లో యూదుల మీద లూథర్ రాసిన ఒక ద్వేషపు పుస్తకం లోంచి తీసుకున్న మాటలు. 1988లో ఆ బొమ్మకి సరిగ్గా కింద, నేల మీద, హత్యకి గురైన యూదుల స్మారకం పెట్టారు. బొమ్మ తీసెయ్యాలని ఒక యూదుడు వేసిన కేసుని 2022లో దేశపు అత్యున్నత సివిల్ న్యాయస్థానం కొట్టేసింది.

లూథర్ గారి చిన్న ప్రశ్నోత్తరాలు మా ఇంట్లో బైబిలు పక్కన ఉండే పుస్తకం. పదేళ్లకే కంఠస్థం నాకు. ప్రతి ఆజ్ఞ వెనకా 'దీని అర్థమేమి' అని అడిగి, పొరుగువాడికి కీడు చెయ్యకపోవడం మాత్రమే చాలదు, మేలు చెయ్యాలి అని నేర్పిన పుస్తకం అది. అదే చెయ్యి ఇదీ రాసింది. గోడ కింద నిలబడితే నా కాళ్లు కదల్లేదు. మనిషి జాతిని జంతువుతో కలిపి గుడి గోడ మీద చెక్కితే లోపలికి వెళ్లేవాళ్ల మనసులో ఏం జరుగుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా వాడ పేరు చెప్పగానే కొందరి మొహంలో మారే రంగు చూస్తూ పెరిగాను. మాకు పెట్టిన పేర్లూ, మా తిండి మీద వేసిన ముద్రలూ నాకు తెలుసు. పైగా ఇది ఎవరి మీద చెక్కారు? ఈ విశ్వాసాన్ని లోకానికి మొట్టమొదట ఇచ్చినవాళ్ల మీద. మరియమ్మ యూదురాలు, చర్చికి ఆమె పేరే పెట్టారు. ఆ సుర్యోయో ఆవిడ గుర్తులేదని చెప్పింది ఇంగ్లీషు సన్యాసి గురించి. అంతకంటే పెద్ద మరుపు ఈ రాతిలో ఉంది.

మా సంఘం పేరులోంచి లూథర్‌ని తీసెయ్యాలని నాకు అనిపించలేదు. కానీ ఊరికి వెళ్లాక సండే స్కూలు పిల్లలకి కంచు తలుపు బొమ్మ చూపించినప్పుడు, ఈ గోడ బొమ్మ కూడా చూపిస్తాను. నాన్నకి ఆ రాత్రే ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ సంగతి మాకెవరూ చెప్పలేదమ్మా. నువ్వు వచ్చాక సంఘంలో చెప్పు" అన్నాడు. గర్వపడ్డాను ఆయన గురించి.

హెర్న్‌హూట్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది దేశపు తూర్పు అంచున, పోలండ్, చెక్ సరిహద్దుల దగ్గర ఉంది. ప్రాంతీయ రైళ్లలో పొద్దున్నే బయలుదేరితే లోబావ్‌లో బస్సు మారి సాయంత్రానికి చేరతాం. 1722లో మొరావియా నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులకి జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు తన భూమిలో చోటిస్తే ఏర్పడిన ఊరు. మనవాళ్లు డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకుంటారు కదా, వీళ్లు సంవత్సరంలో ప్రతి రోజుకీ ఒక వాక్యం చీటీ తీసి ఎంచుతారు. 1731 నుంచి ఆ చిన్న పుస్తకం ఏటేటా అచ్చవుతోంది. నన్ను కట్టిపడేసింది మాత్రం వాళ్ల శ్మశానం. కొండవాలున వరసలు వరసలుగా పలకరాళ్లు, నేలకి పరిచి, దాదాపు అన్నీ ఒకే కొలతలో. సేవకుడిది, పొలం యజమానిది పక్కపక్కనే. మా ఊళ్లో చనిపోయినవాళ్లకి కూడా వాడలున్నాయి. సంఘాల్లోపల సైతం, ఏ కుటుంబంవాళ్లని ఎక్కడ పూడ్చాలో తెలిసే ఉంటుంది అందరికీ. ఆ రాళ్ల మధ్య నడుస్తూ, ఇది దిగుమతి చేసుకోదగ్గ సంగతి అని అనుకున్నాను.

చివరికి హెల్మ్‌స్టెట్. చివరికి అనడానికి కారణం, అది అన్నిటికంటే నా మనసుకి దగ్గరిది. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్, మా వాళ్ల నోట ఫాదర్ హయ్యర్, 1793 జులై 10న పుట్టిన ఊరు. 1842 జులై 31న ఆయన గుంటూరులో అడుగుపెట్టిన రోజుని ఆంధ్ర లూథరన్లు ఇప్పటికీ జరుపుకుంటారు. 1849లో మా గురజాలకి వచ్చాడు. ఆయన్ని అందరూ అమెరికా మిషనరీ అంటారు, నిజమే, ఆయన్ని పంపింది పెన్సిల్వేనియా లూథరన్ సంఘం. కానీ ఆయనే అమెరికాకి వలసపోయిన పిల్లాడు. 1807లో, నెపోలియన్ యుద్ధాల కాలంలో, ఇక్కడి సెయింట్ స్టెఫానీ చర్చిలో దృఢీకరణ అవ్వగానే తల్లిదండ్రులు పద్నాలుగేళ్లవాణ్ణి ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరికి పంపేశారు. 1815లో వేదాంతం చదవడానికి జర్మనీ తిరిగి వచ్చాడు. ఎక్కడికి? గోటింగెన్‌కి. నేను రోజూ సైకిలు మీద పోయే వీధుల్లోనే ఆయనా పుస్తకాలు పట్టుకుని తిరిగాడన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

హెల్మ్‌స్టెట్ బ్రౌన్‌ష్వైగ్‌కి తూర్పున ఉంది. రెండు జర్మనీలున్నప్పుడు సరిహద్దు దాటే పెద్ద గేటు ఈ ఊరి పక్కనే ఉండేది. 1576 నుంచి 1810 దాకా ఇక్కడ విశ్వవిద్యాలయం కూడా ఉండేది. ఊళ్లో అన్నిటికంటే పాతది మాత్రం లూడ్గర్ పేరున్న మఠం. ఫ్రీసియా నుంచి వచ్చిన మిషనరీ లూడ్గర్. ఆయన గురువు ఉట్రెహ్ట్ గ్రెగరీ. ఆ గ్రెగరీ, గొడ్డలి పట్టిన బోనిఫేస్‌కి శిష్యుడు. గోడ మీద రాసిన చరిత్ర చదువుతూ అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. ఫ్రిట్స్‌లార్‌లో నేను చూసిన మనిషి నుంచి మా గురజాల దాకా దారి కనబడింది. దారిలో ప్రతివాడూ పరాయి ఊరివాడే.

సెయింట్ స్టెఫానీ చర్చి ఆ మధ్యాహ్నం తెరిచి ఉంచే బాధ్యత ఒక పెద్దావిడది. డెబ్భై దాటి ఉంటాయి. ఎక్కడినుంచి వచ్చావని అడిగితే, ఇక్కడినుంచి ఒకాయన మా ఊరికి వచ్చారండీ, అందుకని వచ్చాను అన్నాను. ఆమె కుర్చీ లాగి కూర్చోమంది. "అక్కడ ఏం చేశాడు? ఎండలకి తట్టుకున్నాడా?" అని అడిగింది, నిన్నగాక మొన్న వెళ్లినవాడి గురించి అడిగినట్టు. చెప్పాను. గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకి చేయూతనిచ్చిన సంగతి చెప్పాను. మధ్యలో అమెరికా వెళ్లి, యాభై దాటిన వయసులో బాల్టిమోర్‌లో డాక్టరు చదువు చదివి, మందులు తెలిసిన మనిషిగా తిరిగి వచ్చిన సంగతి చెప్పాను. రాజమండ్రి ప్రాంతపు పని వేరే మిషనుకి అప్పగించేస్తున్నారని తెలిసి, డెబ్భై ఆరేళ్ల వయసులో 1869లో మళ్లీ ఓడెక్కి వచ్చిన సంగతి చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంది. ఆయన వెనక వచ్చిన బడులు, 1885లో మొదలైన గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజి, 1883లో వచ్చిన డాక్టర్ ఆనా కుగ్లర్ పేరున్న ఆస్పత్రి గురించి, నా తమ్ముడు పుట్టింది ఆ ఆస్పత్రిలోనేనని చెప్పాను. బావి గురించి, బీసీ-సీ గురించి కూడా చెప్పాను. మంచి వార్తలు మాత్రమే మోసుకెళ్లడం న్యాయం కాదనిపించింది.

అంతా విని ఆమె మా నాయనమ్మ పేరు అడిగింది. రూతమ్మ అన్నాను. అక్షరాలు కూడబలుక్కుని ఒక చీటీ మీద రాసుకుంది. ఆదివారం ఆరాధనలో చదివి ప్రార్థిస్తామంది.

ఆ రాత్రి నాయనమ్మకి ఫోన్ చేసి చెబితే మొదట నమ్మలేదు. ఆమెకి ఊహ తెలిసినప్పటి నుంచీ దొరల దేశం కోసం ప్రార్థిస్తోంది, వాళ్లెవరో పేర్లు తెలియకుండానే. "ఆవిడ పేరేంటే?" అని అడిగింది. అడగలేదంటే ఊరుకోలేదు. "పేరు లేకుండా ఎట్టా చెయ్యనే ప్రార్థన? ఆవిడ పేరూ, పిల్లలుంటే వాళ్ల పేర్లూ, మోకాళ్ల నొప్పులున్నాయేమో అదీ కనుక్కో." మర్నాడు పొద్దున్నే ఆ చర్చి ఆఫీసుకి జర్మన్‌లో ఉత్తరం రాశాను, నాయనమ్మ అడిగినవన్నీ అడుగుతూ.